మా మరిది లైమ్‌తో పోయాడు, మే నెల సభలో ఆయన గురించి ఏం చెప్పాలి?

పెన్సిల్వేనియా వదిన (ప్రశ్న):

పోస్టు పెద్దదైతే ఏమీ అనుకోకండి. చిన్నగా రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చెరిపేశాను.

మా ఆయన తమ్ముడు పోయి ఈ జూలైకి రెండేళ్ళు. 31 ఏళ్ళవాడు. ఉద్యోగం మారి ఇక్కడికి వచ్చినప్పుడు అపార్ట్‌మెంట్ దొరికేదాకా అని మా ఇంట్లో దిగాడు, ఏడాదిన్నర ఉన్నాడు, చివరికి వెతకడం కూడా మానేశాడు. ఒక శనివారం పొద్దున పళ్ళు తోముకుంటూ బాత్రూములో పడిపోయాడు. అంబులెన్సు వచ్చేసరికే అంతా అయిపోయింది. గుండెపోటు అనుకున్నాం, ఇండియాలో అందరికీ అదే చెప్పాం. ఏడు వారాల తర్వాత పోస్ట్‌మార్టం రిపోర్టు వచ్చింది, అందులో లైమ్ కార్డైటిస్ అని ఉంది, అంటే లైమ్ గుండెకి పాకడం. ఆ మాట వినడం అదే మొదటిసారి. లైమ్ అంటే పిడుదు కరిస్తే వచ్చే జ్వరం, కీళ్ళ నొప్పులు, ఒంటి మీద గుండ్రటి మచ్చ, అంతవరకే తెలుసు నాకు. దాంతో మనిషి పోతాడని తెలియదు.

ఇక్కడ లైమ్ పేషెంట్లు, వాళ్ళ కుటుంబాలు కలిసే చిన్న గ్రూపు ఒకటి ఉంది. మే నెల లైమ్ అవగాహన నెల కాబట్టి ఏటా ఒక సాయంత్రం కూర్చుని పోయినవాళ్ళ పేర్లు చదువుతారు, ఇంటివాళ్ళు ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. ఈసారి నన్ను అడిగారు. మా ఆయన వల్ల కాదు, తమ్ముడి పేరెత్తితే లేచి గరాజ్‌లోకి వెళ్ళిపోతారు.

నాకేమో మూడు చిక్కులు. ఒకటి మా అత్తయ్య. "జబ్బు పేరు ఎత్తొద్దు, పురుగు కరిచి పోయాడంటే వినేవాళ్ళకి ఎలా ఉంటుంది, గుండెపోటు అను చాలు" అంటారు. రెండోది, ఆ పేర్ల జాబితా చూశాను, అందులో కొందరికి నిజంగా లైమ్ వల్లే అయిందా లేదా అన్నది వాళ్ళ ఇంటివాళ్ళకే తేలలేదు. మా వాడి పేరు అందులో చేర్చడం సరైనదేనా అని ఒక అనుమానం.

మూడోది ఎవరికీ చెప్పలేదు. పోవడానికి రెండు వారాల ముందు "వదినా, మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు. నేను అంట్లు సర్దుతున్నాను. "రాత్రి రెండింటిదాకా ఫోన్ చూస్తే తిరక్క ఏం చేస్తాయి" అన్నాను. నవ్వి పైకి వెళ్ళిపోయాడు. తర్వాత తనంతట తనే దగ్గర్లో ఒక క్లినిక్కుకి వెళ్ళాడు, వైరల్ అని, నీళ్ళు బాగా తాగమని పంపించారు. ఈసీజీ తీయలేదు. ఈ మాట మూడు నిమిషాల్లో చెప్పాలా, మింగేయాలా?

మీలో ఎవరైనా ఇలాంటి చోట మాట్లాడి ఉంటే చెప్పండి.

---

రాత్రి డ్యూటీ:

వదిన గారూ, నేను కార్డియాక్ వార్డులో నర్సుని, పదకొండేళ్ళుగా. సభలో ఏం మాట్లాడాలో నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఉంటారు గానీ మీ మూడో చిక్కు గురించి మాత్రం నన్ను మాట్లాడనివ్వండి.

లైమ్ క్రిమి గుండెకి చేరితే ఎక్కువగా దెబ్బతినేది పైగదుల నుంచి కిందిగదులకి కరెంటు వెళ్ళే దారి. దాన్నే హార్ట్ బ్లాక్ అంటాం. ఇందులో అన్నిటికంటే చెడ్డ సంగతి ఏంటంటే అది నిలకడగా ఉండదు. పొద్దున కొంచెం ఆలస్యంగా వెళ్ళే కరెంటు సాయంత్రానికి పూర్తిగా ఆగిపోవచ్చు, మళ్ళీ తనే సర్దుకోవచ్చు. మనిషి ఒక పూట కళ్ళు తిరుగుతున్నాయంటాడు, మరుసటి పూట బాస్కెట్‌బాల్ ఆడతాడు. మా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఇద్దరు అలాగే వచ్చారు, ఇద్దరూ కుర్రాళ్ళే, ఇద్దరూ "ఏం లేదు, బలవంతంగా తీసుకొచ్చారు" అన్నవాళ్ళే. మానిటర్ పెట్టాక గానీ మాకూ తెలియలేదు. తెలిసిందంటే మాత్రం వైద్యం కష్టం కాదు, సిర ద్వారా యాంటిబయాటిక్, అవసరమైతే కొన్నాళ్ళు టెంపరరీ పేస్‌మేకర్, చాలామందికి కొద్ది రోజుల నుంచి ఆరు వారాల లోపు బ్లాక్ పోతుంది. ఆ ఇద్దరూ నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు. మీకు ఇది బాధ కలిగిస్తుందని తెలుసు, అయినా దాచడం నాకు చేతకాదు.

ఇది ఎంత అరుదో కూడా చూడండి. అమెరికాలో రిపోర్టయ్యే లైమ్ కేసుల్లో నూటికి ఒకరికి గుండె దాకా వెళుతుంది. అందులో ప్రాణం పోయినవి, 1985 నుంచి 2019 వరకు ప్రపంచం మొత్తం మీద రిపోర్టయినవి, సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) లెక్కలో పదకొండు. లెక్కలోకి రానివి ఇంకా ఉండే ఉంటాయి, అది వేరే మాట. 2013 డిసెంబరులో సీడీసీ ముగ్గురి గురించి రాసింది, 26 నుంచి 38 ఏళ్ళ మధ్యవాళ్ళు, ముగ్గురూ ఒకే ఏడాది వ్యవధిలో హఠాత్తుగా పోయారు. ఒకరి కారు రోడ్డు పక్కకి దిగిపోయి ఉంటే లోపల స్పృహ లేకుండా దొరికారు. గుండె కణజాలాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసినవాళ్ళు ఉండబట్టి లైమ్ అని తేలింది, లేకపోతే ఆ మరణాలు కూడా "గుండెపోటు" కిందే పోయేవి.

మచ్చ లేదు కదా, ఎలా తెలుస్తుంది అని మీరు అనుకుంటూ ఉంటారు. మచ్చ వచ్చేది నూటికి 70, 80 మందికే. పైగా మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనపడదు, పోస్టర్ల మీద ఎప్పుడూ తెల్లచర్మం ఫొటోలే వేస్తారు (దీని మీద మా మేనేజర్‌తో ఒకసారి గొడవ కూడా పడ్డాను). వీపు మీదో తలలోనో వస్తే అసలు చూసుకునేది ఎవరు?

క్లినిక్కులో ఈసీజీ తీసి ఉండాల్సింది. జూలైలో, పెన్సిల్వేనియాలో, ముప్పై ఏళ్ళవాడు కళ్ళు తిరుగుతున్నాయని వస్తే గడ్డిలో, చెట్లలో తిరిగావా అని ఒక్క మాట అడగాలి. అడగాల్సింది వాళ్ళు. అంట్లు సర్దుతున్న మీరు కాదు.

---

ముక్కుసూటి:

నర్సు గారు చెప్పింది మనసు పెట్టి చదవండి. నేను మీ రెండో చిక్కు గురించి మాట్లాడతాను, ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

మీ మరిది పేరు ఆ జాబితాలో ఉండాలి, ముందు వరుసలో ఉండాలి, ఎందుకంటే రిపోర్టు ఉంది. నా గొడవంతా మిగతా పేర్లతో. ఇలాంటి జాబితాలు ఇంటర్నెట్‌లో చాలా చూశాను, ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుతో పోయినవాళ్ళు, క్యాన్సర్‌తో పోయినవాళ్ళు, అందరినీ "లైమ్ సమస్యలతో" అని ఒకే మాట కింద కట్టేస్తారు. సెనేటర్ కే హేగన్ పేరు కూడా ఒకచోట చూశాను. ఆవిడ నార్త్ కరోలినా నుంచి 2015 దాకా సెనేట్‌లో ఉన్నారు, 2016 చివర్లో జబ్బుపడి 2019 అక్టోబరులో పోయారు. కారణం పొవాసన్ వైరస్ వల్ల వచ్చిన మెదడువాపు. పిడుదు మోసుకొచ్చేదే, కానీ లైమ్ కాదు. లైమ్ క్రిమి ఎక్కాలంటే పిడుదు సాధారణంగా ఒక రోజైనా ఒంటిని పట్టుకుని ఉండాలి, పొవాసన్‌కి పావుగంట చాలు, దానికి మందూ లేదు. ఈ రెంటినీ కలిపేస్తే వినేవాడు ఏం నేర్చుకుంటాడు? ఆవిడ పేరు మీద 2019లో పిడుదు జబ్బులకి నిధులిచ్చే చట్టం వచ్చింది, ఆవిడని తలుచుకోవాలంటే అది చెప్పండి, జబ్బు పేరు మార్చకండి.

డ్యూక్ యూనివర్సిటీలో క్యాన్సర్ డాక్టర్‌గా ఉన్న నీల్ స్పెక్టర్ గారిని చూడండి. ఏళ్ళ తరబడి గుండె దడ అంటే స్ట్రెస్ అన్నారట, డాక్టర్‌నే అలా అన్నారు, చివరికి లైమ్ అని తేలేసరికి గుండె పాడై 2009లో గుండె మార్పిడి చేయించుకున్నారు. 2020లో పోయారు. ఆయన బతికిన ఆ పదకొండేళ్ళూ దీని గురించే మాట్లాడారు. ఆయనని "లైమ్ చంపింది" అని ఒక్క మాటలో రాసే హక్కు నాకు లేదు, "లైమ్ ఆయన గుండెని తీసుకుంది" అని మాత్రం రాయగలను. ఆ తేడా పాటించాలి అంటున్నాను, అంతే.

ఇంకో సంగతి, ఇది ఆ సభల్లో ఎవరూ ఎత్తరు. వైద్యం వల్ల పోయినవాళ్ళు కూడా ఉన్నారు. వారాల తరబడి సిరలో గొట్టం పెట్టుకుని యాంటిబయాటిక్స్ ఎక్కించుకుని, ఆ గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్ పట్టి సెప్టిక్ షాక్‌లో పోయిన ఆవిడ గురించి 2017లో సీడీసీనే రాసింది. నెలల తరబడి అలా మందులు వాడినా నిలిచే లాభం ఉందని జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో తేలలేదు. మరి ఆవిడ పేరు ఏ జాబితాలో చదువుతారు?

---

పచ్చ రిబ్బన్:

ముక్కుసూటి గారూ, మీరు చెప్పినవన్నీ నిజాలే, నేను కాదనను. కానీ మా అక్కని ఏ వరుసలో నిలబెడతారో చెప్పండి.

2014లో అక్కకి లైమ్ వచ్చింది, రక్త పరీక్షలో తేలింది, మందులు వాడింది, డాక్టర్లు తగ్గిందన్నారు. తగ్గలేదు. అలసట, ఒళ్ళునొప్పులు, చదివిన పేజీ మళ్ళీ చదవాల్సి రావడం. వైద్యం తర్వాత కూడా ఇలా మిగిలిపోయేవాళ్ళు నూటికి అయిదు నుంచి పది మంది ఉంటారని డాక్టర్లే ఒప్పుకుంటారు, ఎందుకో మాత్రం ఎవరూ తేల్చలేదు. అక్క లెక్కల టీచరు. బోర్డు మీద సగం లెక్క రాసి ఆగిపోయేది. ఉద్యోగం మానేసింది. చుట్టాలు "పని చేయడం ఇష్టం లేక" అన్నారు, బావ కూడా కొన్నాళ్ళు అలాగే అనుకున్నాడు. నాలుగో ఏట తన ప్రాణం తనే తీసుకుంది. సర్టిఫికెట్ మీద లైమ్ అన్న మాట ఎక్కడా లేదు.

డెన్మార్క్‌లో దాదాపు 70 లక్షల మంది రికార్డులు చూసి 2021లో ఒక అధ్యయనం వచ్చింది, లైమ్‌తో ఆసుపత్రిలో నమోదైనవాళ్ళలో ఆత్మహత్యా ప్రయత్నాలు మిగతావాళ్ళ కంటే రెండింతలు ఉన్నాయని. అందరికీ అలా అవుతుందని కాదు, ఎక్కువమందికి అవదు. కానీ ఆ కాగితం చదివిన రోజు నేను కారులో కూర్చుని ఏడ్చాను, ఎందుకంటే అక్క బద్ధకస్తురాలు కాదని ఎవరో అంకెల్లో చెప్పారు.

మే నెల సభకి నేనూ వెళతాను. అక్క పేరు చదువుతారు. ఆ ఒక్క సాయంత్రమే ఆమె జబ్బుని జబ్బు అనే మనుషుల మధ్య ఉంటాను. మీరు సరైన మాటలు వాడమంటే వాడతాను గానీ పేరు తీసేయమని మాత్రం అనకండి.

(ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా మనసు అలాంటి వైపు పోతుంటే దయచేసి అమెరికాలో అయితే 988కి ఫోన్ చేయండి, మెసేజ్ అయినా పెట్టొచ్చు, పగలూ రాత్రీ ఎవరో ఒకరు పలుకుతారు. లేదా ఇక్కడ నాకు రాయండి.)

---

ముక్కుసూటి:

పేరు తీసేయమని నేను అనలేదు, కానీ అన్నట్టే రాశానని ఇప్పుడు చదువుకుంటే తెలుస్తోంది. క్షమించండి. మీ అక్కగారి గురించి మీరు ఇక్కడ రాసినట్టే అక్కడా చెబితే అందులో ఒక్క తప్పు మాట లేదు. నాకు కావాల్సిందీ అదే, "సమస్యలతో పోయారు" అనే బస్తాలో అందరినీ వేసి మూతి కట్టకుండా ఎవరికి ఏం జరిగిందో వాళ్ళది చెప్పడం. సగం రాసి ఆగిపోయిన ఆ లెక్క గురించి చెప్పండి. నేను మర్చిపోను.

---

కనెక్టికట్ తాతయ్య:

నేను 1983లో కనెక్టికట్ వచ్చాను, అప్పటికి ఈ జబ్బు క్రిమిని కనిపెట్టి రెండేళ్ళు కూడా కాలేదు. ఇక్కడ లైమ్ అన్నది ఊరి పేరు, నిమ్మకాయకీ దీనికీ సంబంధం లేదు, మా మనవడు ఇప్పటికీ నమ్మడు.

అమ్మాయీ, మీ అత్తగారి మాటకి నాకు ఆవిడ మీద కోపం రావడం లేదు. కొడుకు పోయాడు, దానికి పెద్ద కారణం ఉండాలని తల్లికి ఉంటుంది. గుండెపోటు అంటే గౌరవంగా ఉంది, గసగసాల గింజంత పురుగు అంటే అవమానంగా ఉంది. పశువుల మీద పిడుదులు చూసి పెరిగినవాళ్ళం, దాంతో మనిషి పోతాడంటే మనకి నమ్మబుద్ధి కాదు.

కానీ పాలీ మర్రే అనే ఆవిడ కథ మీ అత్తగారికి చెప్పి చూడండి. ఓల్డ్ లైమ్ పక్కనే ఉండే గృహిణి, నలుగురు పిల్లలు. తనకీ, భర్తకీ, పిల్లలకీ ఏళ్ళ తరబడి మచ్చలు, జ్వరాలు, వాచిన మోకాళ్ళు. డాక్టర్లు ఆవిడ మాట పట్టించుకోలేదు, మనసు బాగాలేదేమో అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆవిడ ఊరుకోలేదు, ఎవరికి ఎప్పుడు ఏం వచ్చిందో రాసి పెట్టుకుంది. 1975లో ఆవిడా ఇంకో తల్లీ విడివిడిగా వెళ్ళి రాష్ట్ర ఆరోగ్య శాఖని కదిపారు. యేల్ యూనివర్సిటీ నుంచి అలెన్ స్టీర్ అనే కుర్ర డాక్టరు వచ్చి లెక్క తీస్తే మూడు చిన్న ఊళ్ళలో 51 మంది తేలారు, అందులో 39 మంది పిల్లలు. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ పిడుదు కడుపులో ఆ క్రిమిని చూశాడు, మరుసటి ఏడు ప్రచురించారు, క్రిమికి ఆయన పేరే పెట్టారు. ఆయన 2014లో పోయారు, ఆవిడ 2019లో. నేను ఆ సభలకి వెళ్ళినప్పుడల్లా మనసులో మొదట చదువుకునే పేరు పాలీ మర్రేది. ఆవిడ ఈ జబ్బుతో పోయిందని కాదు. సిగ్గుపడి నోరు మూసుకుని ఉంటే మనకి ఈ పేరు కూడా ఉండేది కాదని.

సభలో మాట్లాడటం గురించి, నేను నాలుగైదు సార్లు విన్నాను, ఒకసారి మా స్నేహితుడి కోసం మాట్లాడాను. మూడు నిమిషాలంటే ఒక పేజీ కూడా పట్టదు. జబ్బు గురించి పాఠం చెప్పకు, అక్కడున్నవాళ్ళకి నీకంటే ఎక్కువ తెలుసు. పిడుదుల్ని మోసుకొస్తాయని జింకల్ని తిట్టడం మొదలుపెట్టకు, ఒకాయన ప్రతి ఏడూ అదే చేస్తాడు, క్రిమి నిజంగా ఉండేది తెల్లకాళ్ళ ఎలుకల్లో అని ఎవరో సరిదిద్దుతారు, అక్కడితో పోయిన మనిషి పక్కకి పోతాడు. మెట్ల దగ్గర అతను అన్న మాట చెప్పు. నువ్వన్న మాట కూడా చెప్పాలనిపిస్తే చెప్పు. విన్నవాళ్ళలో ఎవరింట్లోనైనా వచ్చే జూలైలో ఒక కుర్రాడు ఆ మాటే అంటాడు.

మా స్నేహితుడి కోసం మాట్లాడినప్పుడు నేను సగంలో కన్నడంలోకి వెళ్ళిపోయాను. అతను కన్నడిగుడు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

---

పెన్సిల్వేనియా వదిన:

నాలుగు రోజులు జవాబు రాయలేదు, చదువుతూనే ఉన్నాను. అందరికీ విడివిడిగా రాయాలి గానీ ముందు ఏమైందో చెబుతాను.

నర్సు గారి పోస్టు ప్రింట్ తీసి గరాజ్‌లో మా ఆయన కుర్చీ మీద పెట్టాను. చదివారో లేదో అడగలేదు. రాత్రి భోజనాల దగ్గర "ఆ రెండు వారాలు వాడు బాస్కెట్‌బాల్ కూడా ఆడాడు కదా" అన్నారు, అంతే, కానీ తమ్ముడి మాట ఆయన నోటి నుంచి రావడం చాలా కాలానికి.

పచ్చ రిబ్బన్ గారూ, మీ సభా మా సభా ఒకటి కాకపోవచ్చు. అయినా మీ అక్కగారి పేరు నాకు మెసేజ్ చేస్తే మా దగ్గర కూడా చదవమని అడుగుతాను. ఏం జరిగిందో మీరు రాసిన మాటల్లోనే.

అత్తయ్యకి వీడియో కాల్‌లో పాలీ మర్రే గారి కథ చెప్పాను. "ఆవిడ పిల్లలు బతికారా" అని మొదట అడిగారు. బతికారన్నాను. కాసేపు ఊరుకున్నారు. తర్వాత నేను రాసుకున్నది చదివి వినిపించాను, తెలుగులోనే రాసుకున్నాను ముందు, మెట్లు, అంట్లు, ఫోను, క్లినిక్కు, లైమ్ కార్డైటిస్ అన్న పేరు, అన్నీ ఉన్నాయి. నేనన్న మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగిపోయింది, ఆవిడే "చదువు" అన్నారు. చదివాను. తిడతారనుకున్నాను. "నాకూ చెప్పాడే ఫోన్‌లో, నీరసంగా ఉందని. పెళ్ళి చేసుకుంటే అన్నీ తగ్గుతాయన్నాను" అన్నారు. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు, ఫోన్ మాత్రం పెట్టేయలేదు.

పెట్టేసే ముందు జబ్బు పేరు ఉంచమన్నారు. కానీ ఒకటి చేర్చమన్నారు, వాడు ఫోన్ చేస్తే "అమ్మా" అనే ముందు ఒకసారి గొంతు సవరించుకునేవాడట, ఎప్పుడూ, ఏదో సభలో మాట్లాడబోతున్నట్టు. రెండేళ్ళుగా ఎవరైనా అలా గొంతు సవరించుకుంటే ఆవిడ లేచి కూర్చుంటారట. మా ఇంట్లో ఏడాదిన్నర ఉన్నాడు, నేను ఒక్కసారి కూడా గమనించలేదు.

దాన్ని మొదటి వాక్యం చేశాను. ఇప్పుడు ఇంగ్లీషులోకి మార్చాలి, పోయిన శనివారం నుంచి అక్కడే ఉన్నాను.